ముందు తోక కట్టండి, ఇంజన్ సంగతి తరవాత

బాబూ, మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను, నేను తప్పు అర్థం చేసుకుని ఉంటే ఇక్కడే తెలిసిపోతుంది. మీది రాజాం. రెండేళ్లుగా రేడియోతో నడిపే ఫోమ్ మోడల్ విమానాలు ఎగరేస్తున్నారు. ఇప్పుడు టైగర్ మాత్‌ను, అంటే రెండంతస్తుల రెక్కలుండే ఆ పాత ట్రైనింగ్ విమానాన్ని, అసలు దానిలో మూడో వంతు సైజులో చెక్కతో కట్టాలని ఉంది. 55 సీసీ పెట్రోల్ ఇంజన్ ఒకటి చవగ్గా వస్తోంది, కొనెయ్యమంటారా అన్నది మీ మొదటి ప్రశ్న. బాల్సా, అంటే మోడళ్లకి వాడే బాగా తేలికైన చెక్క, దాని బదులు మన వైపు దొరికే చెక్క వాడొచ్చా, ఎక్కడ ఎగరెయ్యాలి, పర్మిషన్లు కావాలా అన్నవి మిగతావి.

ఇంజన్ ఇప్పుడే కొనకండి. మూడో వంతు వద్దు, నాలుగో వంతు కట్టండి. కట్టడం తోకతో మొదలుపెట్టండి. నిజానికి జవాబు ఇంతే. ఇక మిగిలింది ఎందుకన్నదే.

నేను జూట్ మిల్లు మెయింటెనెన్స్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి. కాలేజీలో ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో చేరితే అక్కడ ఏరోమోడలింగ్ నేర్పారు. రెండు తీగలు చేత్తో పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ ఎగరేసే కంట్రోల్ లైన్ మోడళ్లు అవి. కలకత్తాలో తయారైన అరోరా డీజిల్ ఇంజన్, దానికి ఈథర్, కిరోసిన్, ఆముదం కలిపిన ఇంధనం. ఇంటికెళ్తే చొక్కా వాసన చూసి మా అమ్మ "ఎవడికి తలంటొచ్చేవురా?" అనేది. రేడియో మోడళ్లకి వచ్చింది చాలా ఆలస్యంగా. పెద్దవి ఇప్పటికి నాలుగు కట్టాను, అందులో రెండు టైగర్ మాత్‌లు. రెండోది ఇప్పటికీ ఎగురుతోంది. మొదటిదాని కథ చెబితేగాని మీకు తోక గొడవ అర్థం కాదు.

తొమ్మిది నెలలు కట్టాను దాన్ని. రెక్కల్లో ప్రతి రిబ్బూ (రెక్క ఆకారాన్ని నిలబెట్టే పక్కటెముక) సాపు చేశాను, కాక్‌పిట్‌లో డయల్స్ కూడా పెట్టాను. అన్నీ బిగించి పై రెక్క కింద రెండు వేళ్లు ఆనించి ఎత్తితే తోక ధబ్బుమని నేలకి దిగింది. ముక్కులో సీసం పెడితే సరిపోతుందన్నారు. చేపల వలకి కట్టే సీసం గుళ్లు కళింగపట్నం నుంచి తెప్పించి కౌలింగ్‌లో, అదే ఇంజన్ మీది మూతలో, నింపుతూ పోయాను. కిలోంబావు పట్టింది. 10 కిలోలనుకున్నది 11.6 అయింది. ఎగిరింది, ఎగరలేదని చెప్పను. దిగేటప్పుడు ఆఖరి మలుపులో ఐలరాన్‌తో, అంటే రెక్క వెనక అంచున పైకీ కిందికీ కదిలే పలకతో, తిప్పాను, అప్పటికే వేగం తగ్గి ఉంది, ఎడమ రెక్కలు రెండూ ఒక్కసారిగా వాలిపోయి పొలం గట్టు మీద పడింది. రేడియో సిగ్నల్ పోయిందని నెల రోజులు అందరికీ చెప్పాను. నేనూ నమ్మాను. తరవాత విరిగిన ముక్కలు వేరువేరుగా కాటా మీద పెట్టి చూస్తే తోక ముక్కలు నాలుగూ కలిపి 480 గ్రాములు. రేడియోది ఏ తప్పూ లేదు.

ఇది నా ఒక్కడి అనుభవం కాదు, పాతకాలపు విమానాల మోడళ్లన్నిటికీ ఉన్న రోగం. కారణం లెక్కలోనే ఉంది. అసలు టైగర్ మాత్‌లో ఉండేది 130 హార్స్ పవర్ జిప్సీ మేజర్ ఇంజన్. నాలుగు సిలిండర్లు వరసగా, తలకిందులుగా ఉంటాయి. దాని బరువు సుమారు 300 పౌండ్లు. ఖాళీ విమానం మొత్తం 1,115 పౌండ్లయితే అందులో పావు వంతుకి పైన ఒక్క ఇంజనే, అదీ ముక్కు చివర. నాలుగో వంతు మోడల్‌కి అదే నిష్పత్తిలో ఇంజన్ పెట్టాలంటే 64తో భాగించాలి, అంటే 2.1 కిలోలు. మనం పెట్టే 30 సీసీ ఇంజన్ ఇగ్నిషన్‌తో కలిపి కిలో చిల్లర. ముక్కు దగ్గర కిలో బరువు పుట్టుకతోనే తక్కువ. పైగా ఈ విమానాల ముక్కు పొట్టి, తోక పొడుగు. బరువు కేంద్రం నుంచి ఇంజన్ 40 సెంటీమీటర్ల దూరంలో ఉంటే తోక 120లో ఉంటుంది. తోకలో ఒక గ్రాము ఎక్కువైతే ముక్కులో మూడు గ్రాములు పెట్టాలి. నా తోకలో 200 గ్రాములు తగ్గించి ఉంటే 600 గ్రాముల సీసం తగ్గేది. విమానం బరువు 800 గ్రాములు తగ్గేది, ఒక్క పైసా ఖర్చు లేకుండా.

ఇప్పుడు సైజు సంగతి. అసలు విమానం రెక్కల వెడల్పు 29 అడుగుల 4 అంగుళాలు, అంటే 8.94 మీటర్లు. మూడో వంతంటే దాదాపు 3 మీటర్లు, నాలుగో వంతంటే 2.23. తేడా ముప్పావు మీటరే కదా అనిపిస్తుంది. బరువు మాత్రం పొడవు, వెడల్పు, ఎత్తు మూడింటితోనూ పెరుగుతుంది. అసలు దాని నిండు బరువు 1,825 పౌండ్లు, సుమారు 828 కిలోలు. 64తో భాగిస్తే 13 కిలోలు, 27తో భాగిస్తే 30 దాటుతుంది. మనం అంతకన్నా తేలిగ్గానే కడతాం, నాలుగో వంతు 9, 10 కిలోల్లోనూ మూడో వంతు 18, 20 దగ్గరా తేలతాయి. మొదటి చెక్క విమానమే 20 కిలోలది కట్టి జనం ఉన్న చోట గాల్లోకి లేపుతానంటే నేను మాత్రం పక్కన నిలబడను. నాలుగో వంతుది బాడీ 1.82 మీటర్లు, రెక్కలు విప్పితే ఓమ్ని వ్యానులో వెనక సీటు తీసి పడుకోబెట్టొచ్చు. మూడో వంతుదానికి ట్రాలీ ఆటో మాట్లాడుకోవాలి. ఆ ఖర్చు కన్నా, రాజాం రోడ్డు గతుకుల్లో దానికి తగిలే దెబ్బలే నాకు భయం.

తోక ఎలా తేలిక చెయ్యాలో చెబుతాను. బాల్సా పలకలు కొన్నప్పుడు అన్నీ ఒకే కట్టలో వస్తాయి, చూడ్డానికి ఒకేలా ఉంటాయి. గ్రాముల కాటా ఒకటి కొనండి, కూరగాయల కాటా కాదు. ప్రతి పలకనూ తూచి దాని మీదే పెన్సిల్‌తో బరువు రాయండి. మీటరు పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందం ఉన్న పలక 30 గ్రాములు తూగితే అది చాలా తేలిక చెక్క. అదే కొలతలో 48, 50 తూగేవి కూడా అదే కట్టలో ఉంటాయి. తేలికవి తోకకి పక్కన పెట్టెయ్యండి, ఇంట్లో ఎవరు అడిగినా ఇవ్వకండి. గట్టివి రెక్క పొడవునా దూలాల్లా పోయే స్పార్లకి, బాడీ ముందు భాగంలో పొడవునా పోయే లాంజరాన్లకి. మధ్యరకం రిబ్బులకి. ఈ ఒక్క పనికి ఒక సాయంత్రం పడుతుంది. మోడల్ మొత్తంలో ఇంత లాభం ఇచ్చే సాయంత్రం ఇంకొకటి లేదు.

టైగర్ మాత్ రడ్డర్ (తోకలో పక్కలకి తిరిగే పలక), ఎలివేటర్ల (తోకలో పైకీ కిందికీ కదిలే పలకలు) అంచులు గుండ్రంగా ఉంటాయి. ప్లైవుడ్‌లోంచి ఆ ఆకారం కోసెయ్యడం తేలిక, బరువు మాత్రం చాలా ఎక్కువ. 1.5 మిల్లీమీటర్ల బాల్సా పట్టీలు నాలుగైదు వేణ్ణీళ్లలో నానబెట్టి, అట్టతో చేసిన అచ్చు చుట్టూ వంచి, మర్నాడు ఆరాక ఫెవికాల్‌తో ఒకదాని మీద ఒకటి అతికించండి. వానాకాలంలో ఈ పని పెట్టుకోకండి. మన వైపు ఆగస్టు, సెప్టెంబరుల్లో చెక్క గాల్లో తేమ తాగేసి, బల్ల మీద సాపుగా ఉన్న ఎలివేటర్ పొద్దున్నకల్లా అప్పడంలా మెలి తిరుగుతుంది.

మన చెక్క వాడొచ్చా అంటే, అక్కడక్కడ. కొండపల్లి బొమ్మలు చేసే తెల్ల పొణికి గురించి చాలామంది అడుగుతారు. మెత్తగా కోతకి బాగుంటుంది, బాల్సా కన్నా బరువు. రెక్క చివర దిమ్మలకి, పైలట్ బొమ్మకి, డమ్మీ ఇంజన్ సిలిండర్లకి బ్రహ్మాండంగా పనికొస్తుంది. తోకలో మాత్రం ఒక్క ముక్క పెట్టొద్దు. వెదురు సంగతి వేరు. మేదర పనివారు బుట్టలకి చీల్చే సన్న బద్దలు తీసుకుని దీపం సెగ మీద వంచితే కింది రెక్కల చివర అంచులకి అంతకన్నా మంచిది లేదు. దిగేటప్పుడు రెక్క నేలకి గీసుకున్నా విరగదు. నాకు ఆ బద్దలు చీల్చి ఇచ్చిన పెద్దాయన బల్ల మీద అస్థిపంజరంలా ఉన్న రెక్కను చూసి "ఏటి బాబూ, ఈ పుల్లల్తో ఇమానం ఎగురుతాదేటి?" అన్నాడు. ఎగిరిన రోజు పిలిచి చూపించాను. పెద్దగా ఆశ్చర్యపోలేదు, బద్ద విరిగిందా లేదా అన్నదే అడిగాడు.

సర్వోలు, అంటే ఈ పలకల్ని కదిపే చిన్న మోటార్లు, తోకలో పెట్టే డిజైన్లు నెట్‌లో కనిపిస్తాయి. అవి పొడుగు ముక్కు విమానాలకి. మీరు రడ్డర్, ఎలివేటర్ సర్వోలు వీలైనంత ముందుకి, కాక్‌పిట్ కింద పెట్టి సన్నటి స్టీల్ తీగలతో లాగండి, రెండు వైపులా ఒక్కో తీగ. అసలు విమానంలోనూ తీగలే. చేపల గేలానికి వాడే నైలాన్ పూతున్న స్టీల్ వైరు సరిపోతుంది. తోక చక్రం కూడా వద్దు. టైగర్ మాత్‌కి వెనక చక్రం ఉండదు, ఇనుప స్కిడ్ ఉంటుంది. బ్రేకులు కూడా లేవు, గడ్డిలో ఆ స్కిడ్ గీసుకోవడమే బ్రేకు. మనకీ అదే చాలు, కాకపోతే సిమెంటు రోడ్డు మీద దిగలేం.

సీజీ, అదే బరువు కేంద్రం, ఎక్కడ ఉండాలన్నది రెండు రెక్కల విమానంలో కాస్త చికాకు. పై రెక్క ముందుకి, కింది రెక్క వెనక్కి ఉంటాయి, పైగా రెండూ వెనక్కి వంగి ఉంటాయి. ఆ వంపు వెనక మంచి కథ ఉంది. ముందు వచ్చిన మాత్‌లలో ముందు సీటు సరిగ్గా పై రెక్క కింద, తీగల మధ్య ఉండేది. పారాచూట్‌తో దూకాలంటే దారి లేదు. అందుకని దీన్ని తయారుచేసిన డి హావిలాండ్ కంపెనీ వాళ్లు పై రెక్క మధ్య భాగాన్ని ముందుకి జరిపారు. జరిపితే లిఫ్ట్ కూడా ముందుకి పోయి బ్యాలెన్స్ తప్పింది. దాన్ని సరిచెయ్యడానికి రెక్కల చివర్లను వెనక్కి వంచారు. 1931 అక్టోబరులో మొదటిసారి ఎగిరిన ఈ విమానం అలా ముక్కుకీ తోకకీ మధ్య రాజీగానే పుట్టింది, ఆ తరవాత ఎనిమిది వేలకు పైగా తయారయ్యాయి. మీరు చెయ్యాల్సిందల్లా రెండు రెక్కల్నీ పైనుంచి చూసినట్టు కాగితం మీద గీసి, ఒక్కో రెక్కకి సగటు కార్డ్ (ముందు అంచు నుంచి వెనక అంచుకి దూరం) కనుక్కుని, ఆ రెండింటి సగటు తీసి, దాని ముందు అంచు నుంచి 25, 28 శాతం మధ్య గుర్తు పెట్టడం. మొదటి ఫ్లైట్‌కి 25 దగ్గరే ఉంచండి. ముక్కు కాస్త బరువైతే విమానం బద్ధకంగా ఎగురుతుంది, తోక బరువైతే ఇంటికి సంచిలో వస్తుంది.

బట్ట గురించి మీరు అడగలేదు కానీ చెప్పకుండా ఉండలేను. అసలు విమానానికి నార బట్ట కప్పి డోపు అనే వార్నిష్ లాంటి ద్రవం పూసేవాళ్లు, డోపు ఆరుతుంటే బట్ట బిగిసి డోలులా మోగేది. ఇది చదివినప్పుడు శ్రీకాకుళం వాడికి ఎవరికైనా వచ్చే ఆలోచనే నాకూ వచ్చింది, పొందూరు ఖాదీ. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, వంద కౌంటు నూలు చేత్తో వడికే ఊరు మన పక్కనే ఉండగా పరాయి బట్ట ఎందుకని. చదరపు అడుగు ముక్క తెచ్చి ఫ్రేమ్‌కి బిగించి డోపు పూశాను. తాగింది, ఇంకా తాగింది. నాలుగు పూతలకి గాని నూలు రంధ్రాలు మూసుకోలేదు, అప్పటికి బరువు పాలిస్టర్ మోడల్ బట్టకి రెట్టింపు దాటింది. చూడ్డానికి మాత్రం నేను చూసిన మోడళ్లలో అంత అసలైన బట్ట లేదు. మనసు చంపుకుని ఇస్త్రీపెట్టె వేడికి బిగిసే పాలిస్టర్ బట్టే కప్పాను. తోకకి రంగు కూడా ఒక పూత తక్కువ. మిగిలిన ఖాదీ ముక్కతో పైలట్ బొమ్మకి మెడలో కండువా చేశాను.

రెక్కల మధ్య తీగలు అలంకారం అనుకోకండి. గాల్లో ఉన్నప్పుడు బాడీ కింది నుంచి పై రెక్క స్ట్రట్‌కి, అంటే రెండు రెక్కల మధ్య నిలువు కర్రకి, పోయే తీగలు రెక్క మీది లోడును మోస్తాయి. నేల మీద ఉన్నప్పుడు పైనుంచి కిందికి వచ్చేవి రెక్కలు వేలాడకుండా పట్టుకుంటాయి. అన్నిటినీ వీణ తీగల్లా బిగించాలనే సరదా పుడుతుంది. ఎక్కువ బిగిస్తే రెక్క మెలి తిరుగుతుంది, అది కంటికి కనపడదు, గాల్లో ఒక పక్కకి లాగుతుంది. సరిచూడ్డానికి నేను వాడేది తాపీ మేస్త్రుల లెవెల్ పైపు. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ పైపులో నీళ్లు నింపి, బాడీని బల్ల మీద కదలకుండా కట్టి, కుడి రెక్క చివర, ఎడమ రెక్క చివర నీటి మట్టం చూడటం. ఇంటి పునాది తీసే మేస్త్రికి పనికొచ్చినది రెక్కకీ పనికొస్తుంది. ముందు అంచు, వెనక అంచు రెండు చోట్లా చూడాలి. రెండు వైపులా తేడా 2 మిల్లీమీటర్ల లోపు ఉండేదాకా తీగలు వదులుతూ, బిగిస్తూ కూర్చోవాలి. నాకు ఒక ఆదివారం పట్టింది.

టైగర్ మాత్‌లో ఐలరాన్లు కింది రెక్కల్లోనే ఉంటాయి. అవి కిందికి దిగినప్పుడు ఆ వైపు గాలి అడ్డు పెరిగి ముక్కును మలుపుకి ఎదురుగా లాగుతుంది. మీరు కుడికి వాలిస్తే ముక్కు ఎడమకి పోతుంది. ఫోమ్ విమానాల్లో ఇది తెలియదు, అందుకే రెండేళ్లు ఎగరేసినవాళ్లకి కూడా ఎడమ బొటనవేలు థ్రాటిల్‌కి తప్ప పక్కలకి, అంటే రడ్డర్‌కి, కదలదు. అసలు విమానంలో ఐలరాన్ పైకి బాగా లేచి కిందికి కొంచెమే దిగేలా అమర్చారు. మీరు పైకి 20 మిల్లీమీటర్లు, కిందికి 7, 8 పెట్టుకోండి. ట్రాన్స్‌మిటర్‌లో ఐలరాన్‌కి రడ్డర్ మిక్స్ చేసుకునే, అంటే ఒకటి కదిపితే రెండోదీ దానంతట అదే కదిలే, సౌకర్యం ఉంటుంది, దాన్ని వాడొద్దని నా సలహా. వేలికి అలవాటు కావాలి. కట్టడం మొదలుపెట్టిన రోజే మీటరున్నర రెక్కలుండే, పైపర్ కబ్ అనే పాత చిన్న విమానం లాంటి తోకచక్రం ఫోమ్ మోడల్ ఒకటి కొని, టైగర్ మాత్ అయ్యేదాకా దాన్ని రడ్డర్‌తోనే తిప్పండి. నా మొదటి విమానం పోయింది చివరికి ఈ ఒక్క వేలి వల్లే.

ఇంజన్‌కి వస్తే, నాలుగో వంతుకి 30 నుంచి 35 సీసీ టూ స్ట్రోక్ చాలు. ఈ విమానం వేగంగా పోకూడదు. అసలు దాని గరిష్ఠ వేగం గంటకి 109 మైళ్లు, నాలుగో వంతు మోడల్ అదే తీరులో కనపడాలంటే అందులో సగం వేగమే ఉండాలి. 55 సీసీ పెడితే అందం పోయి గాలిపటానికి రాకెట్ కట్టినట్టుంటుంది. అసలు తలనొప్పి పెట్రోల్‌తో. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపినది. అది గాల్లో తేమను లాగుతుంది, కార్బురేటర్‌లోని పల్చటి డయాఫ్రమ్‌ని గట్టిపరుస్తుంది, ట్యాంకులోని ట్యూబును ఉబ్బిస్తుంది. నా ట్యూబు ఒకటి ఆరు నెలలకే ట్యాంకులో ఊడి గాల్లో ఇంజన్ ఆగింది. ఆ రోజు పెట్రోల్ ఆ రోజే కొనండి, ఇంజన్ కంపెనీ చెప్పిన పాళ్లలో దానిలో ఆయిల్ కలపండి, సాయంత్రం ట్యాంకు ఖాళీ చేసి, ఇంజన్ ఆగేదాకా నడిపి కార్బురేటర్ ఎండగట్టండి. ట్యూబులు ఏడాదికోసారి మార్చెయ్యండి, బాగున్నట్టు కనిపించినా.

ఎలక్ట్రిక్ మోటారు పెడతానంటే తప్పేమీ లేదు. 9 కిలోలకి 2,000 వాట్లు, 10 సెల్ 5,000 ఎంఏహెచ్ లైపో బ్యాటరీ, ఎనిమిది నిమిషాలు సుఖంగా. బ్యాటరీ బరువు ముక్కులోకి వస్తుంది కనక సీసం బాధ కూడా తగ్గుతుంది. నాకు శబ్దం కావాలి, అంతే తేడా.

రేడియోలో రెండు మాటలు. రిసీవర్‌కి రెండు బ్యాటరీలు, రెండు స్విచ్‌లు. ఇగ్నిషన్‌కి వేరే బ్యాటరీ, ట్రాన్స్‌మిటర్ నుంచి ఆపేసే కిల్ స్విచ్. ఇగ్నిషన్ పెట్టె, రిసీవర్ మధ్య కనీసం ఒక అడుగు దూరం. సిగ్నల్ పోతే థ్రాటిల్ ఐడిల్‌కి పడేలా ఫెయిల్‌సేఫ్ పెట్టి, నేల మీద ట్రాన్స్‌మిటర్ ఆపి నిజంగా పడుతోందో లేదో చూడండి. రేంజి చెక్, అంటే సిగ్నల్ ఎంత దూరం అందుతోందో చూడటం, ఇంజన్ ఆగి ఉన్నప్పుడొకసారి, నడుస్తున్నప్పుడొకసారి. మన సముద్రపు గాలికి కనెక్టర్లు పచ్చగా తుప్పు పట్టేస్తాయి, ఏడాదికోసారి అన్నీ విప్పి చూడాల్సిందే.

ఎక్కడ ఎగరెయ్యాలి అన్నదానికి అందరూ చెప్పేది కోతలైన వరి పొలం. చెప్పేవాళ్లు వ్యవసాయం చేసినవాళ్లు కారని నా అనుమానం. మన వైపు వరి కొయ్యకముందే మినుమో పెసరో చల్లేస్తారు, జనవరిలో ఆ మడిలో కాలు పెడితే రైతు ఊరుకోడు, ఊరుకోకూడదు కూడా. పైగా ప్రతి ఇరవై అడుగులకీ గట్టు. నాకు బాగా కలిసొచ్చింది ఎండాకాలంలో ఎండిపోయిన చెరువు గర్భం. ఏప్రిల్, మే నెలల్లో నేల గట్టిగా, విశాలంగా, తాడిచెట్లు గట్టు మీదే ఉంటాయి. పంచాయతీ వాళ్లతో ముందు మాట్లాడండి, స్థానిక పోలీస్ స్టేషన్‌లో ఒక కాగితం ఇచ్చి ఉంచండి. పొద్దున్న ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకానే. ఆ తరవాత సముద్రపు గాలి లేస్తుంది, తేలికైన ఈ విమానాన్ని అడ్డంగా తోస్తుంది. టెక్కలి దగ్గర తేలినీలాపురం వైపు మాత్రం శీతాకాలంలో పోకండి, పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు పెట్టే చోటది. పక్షికీ మనకీ ఇద్దరికీ నష్టం. గద్దలు ఎక్కడైనా వస్తాయి, వచ్చినప్పుడు కిందికి దిగిపోండి, పోటీ పడొద్దు.

భోగాపురం చుట్టుపక్కల వెంచర్లలో కొత్త సిమెంటు రోడ్లు రన్‌వేల్లా కనిపిస్తాయి. ఆశపడకండి, అక్కడే అల్లూరి సీతారామరాజు విమానాశ్రయం. విశాఖ వైపు నేవీ వాళ్ల విమాన స్థావరం ఐఎన్‌ఎస్ డేగా. డ్రోన్ రూల్స్, 2021 మన మోడళ్లకీ వర్తిస్తాయి. విమానాశ్రయం సరిహద్దు నుంచి 8, 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగుల దాకానే గ్రీన్ జోన్, అంటే ముందు అనుమతి అక్కర్లేని చోటు, 8 లోపలైతే అనుమతి లేకుండా అసలు లేపకూడదు. దూరంగా ఉన్న గ్రీన్ జోన్‌లో హద్దు 400 అడుగులు, అంటే 120 మీటర్లు. రాజాం దూరమే, అయినా బయల్దేరే ముందు ఆ రోజు డ్రోన్ జోన్ల మ్యాపు చూడండి. సరదాకి, చదువుకి, కంటికి కనపడేంత దూరంలో ఎగరేసే 25 కిలోల లోపు మోడల్‌కి టైప్ సర్టిఫికెట్ అక్కర్లేదు. అంతటితో అన్నీ మాఫీ అనుకోకండి. రిమోట్ పైలట్ సర్టిఫికెట్ (2022 దాకా దీన్నే లైసెన్సు అనేవారు) మినహాయింపు 250 గ్రాముల లోపు నానోలకి, వ్యాపారానికి కాని 2 కిలోల లోపు మైక్రోలకి. మీ 9 కిలోలది 2 నుంచి 25 కిలోల స్మాల్ తరగతి. రిజిస్ట్రేషన్, పైలట్ సర్టిఫికెట్, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ సంగతి అప్పటికి అమల్లో ఉన్న నిబంధన చదివి తేల్చుకోండి. ఈ నియమాలు మారుతూ ఉంటాయి, ఎవరో చెప్పారని, నేను చెప్పానని నమ్మొద్దు.

మొదటి ఫ్లైట్. గాలికి సరిగ్గా ఎదురుగా పెట్టండి, పక్కగాలి ఉంటే ఆ రోజు టిఫిన్ తిని ఇంటికి పోవడమే. ఎలివేటర్ కొంచెం వెనక్కి పట్టి, థ్రాటిల్ నాలుగైదు సెకన్లు తీసుకుని మెల్లగా తెరవండి. తోక లేచే క్షణంలో ముక్కు ఎడమకి తిరుగుతుంది, కుడి రడ్డర్ సిద్ధంగా ఉండాలి. ఇక్కడ ఒక తమాషా. అసలు టైగర్ మాత్ నడిపిన పైలట్లు కుడికి లాగుతుందని చెబుతారు, వాళ్లదీ నిజమే. జిప్సీ మేజర్ మన ఇంజన్లకి వ్యతిరేక దిశలో తిరుగుతుంది. వీడియోలు చూసి నేర్చుకున్నవాళ్లు మొదటిసారి తప్పు వైపు రడ్డర్ ఇచ్చేది అందుకే. తోక లేచాక తొందరపడి లాగొద్దు, చక్రాల మీద పరుగెత్తనివ్వండి, దానంతట అదే లేస్తుంది. ఇరవై మీటర్ల ఎత్తుకి పోయేదాకా మలుపు లేదు. తరవాత అరవై, డెబ్భై మీటర్ల ఎత్తులో ట్రిమ్ చేసుకుని, అంటే చెయ్యి వదిలినా తిన్నగా పోయేలా సరిచేసుకుని, అక్కడే థ్రాటిల్ తగ్గిస్తూ ఏ వేగంలో రెక్క వాలుతుందో చూసి పెట్టుకోండి. ఆ వేగం మీ కంటికి గుర్తుండాలి.

దించేటప్పుడు ఫోమ్ విమానంలా థ్రాటిల్ మూసి తేలుతూ రావడం కుదరదు. రెండు రెక్కలు, ఎనిమిది స్ట్రట్లు, అన్ని తీగలు. ఇంజన్ మూసిన మరుక్షణం గాలి బ్రేకు వేస్తుంది. పావు థ్రాటిల్ ఉంచి, ముక్కు కొంచెం దించి, చక్రాలు నేలని తాకాకే మూసెయ్యండి. ఆఖరి మలుపు ఎత్తుగా, వెడల్పుగా, రడ్డర్‌తో. గాల్లో ఇంజన్ ఆగితే ఆలోచించకుండా ముక్కు దించండి, ఎదురుగా ఏది ఉంటే అందులో దిగండి. మైదానానికి తిప్పి తెచ్చే ప్రయత్నంలోనే విమానాలు పోతాయి. దిగాక కూడా ఆగేదాకా రడ్డర్ వదలకండి, గడ్డిలో మెల్లగా పోతూ పోతూ గిర్రున తిరిగి రెక్క చివర నేలకి కొట్టుకోవడం దీనికి అలవాటు. వెదురు బద్ద అప్పుడు పనికొస్తుంది.

ఖర్చు అడగలేదు, అడుగుతారు. నా రెండోదానికి రేడియో కాకుండా లక్షన్నర దాకా అయింది, ఏడాదిన్నర మీద కొంచెం కొంచెంగా. తోకకి మాత్రం బాల్సా, ఫెవికాల్, ఒక కాటా తప్ప ఏమీ అక్కర్లేదు. స్టెబిలైజర్ (తోకలో కదలని అడ్డ రెక్క), ఎలివేటర్లు, ఫిన్ (కదలని నిలువు రెక్క), రడ్డర్ కట్టి, బట్ట వెయ్యకముందు అన్నీ కలిపి తూచి ఎంత వచ్చిందో రాయండి. నా రెండో తోక 235 గ్రాములు. మీది 250 లోపు వస్తే ఇంజన్ గురించి మాట్లాడుకుందాం, దాటితే ఇంకో తోక కట్టండి, పది రోజుల పని. ఈలోపు ఆ 55 సీసీ వేరేవాళ్లకి అమ్ముకుంటే అమ్ముకోనివ్వండి.